పెంపుడు పాము

పాము కంటబడినచో తెలుగునాట సాధారణముగా రెండే పనులు జరుగును. కొందరు కఱ్ఱకై పరుగెత్తుదురు. కొందరు చేతులు జోడింతురు. ఈ రెండును గాక, పామునకు ఇంటిలో ఒక చోటు అమర్చి, వేళకు ఆహారమిచ్చి, కుక్కను పిల్లిని సాకినట్లు సాకు కుటుంబములు అమెరికాలోను ఇంగ్లండులోను వేలకొలదిగా ఉన్నవి. మొదటిసారి పామును పెంచ నెంచిన వారికి అచ్చటి అనుభవజ్ఞులు తఱచుగా సూచించునది మొక్కజొన్నపాము.

ఈ పాము అమెరికా సంయుక్తరాష్ట్రముల ఆగ్నేయభాగమునకు చెందినది. న్యూజెర్సీ మొదలు ఫ్లోరిడా వఱకు గల అడవులలోను, పొలములలోను, ఎలుకలు తిరుగు కొట్టములలోను ఇది నివసించును. స్వీడను దేశపు ప్రకృతిశాస్త్రవేత్త లిన్నేయసు 1766లో దీనికి 'మచ్చలు గలది' అను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టెను. నారింజవన్నె మేనిపై నల్లని అంచులు గల ఎఱ్ఱని మచ్చలు వరుసగా ఉండును. పొట్టమీద నలుపు తెలుపు గడులు చదరంగపు పలకవలె కన్పట్టును. అవి రంగురంగుల మొక్కజొన్న గింజలను పోలియుండుటచే దీనికి ఆ పేరు వచ్చినదని కొందరందురు. కంకులు దాచు గాదెల యొద్ద ఎలుకలకై తిరుగుచుండుటచే వచ్చినదని మఱికొందరందురు. దీనికి విషము లేదు. ఎరను చుట్టి బిగించి చంపి మ్రింగును. అయినను, అచ్చట 'రాగితల' యను విషసర్పమొకటి ఇంచుమించుగా ఇట్టి మచ్చలతోనే యుండుటచే, నిరపరాధియైన యీ పాము రైతుల చేతిలో అనవసరముగా చచ్చుచుండును. మనదేశమున జెఱ్ఱిపోతును త్రాచని భ్రమించి చంపుట వంటిదే యిది.

పామును తెచ్చుకొనగోరువాడు మొదట లెక్కింపవలసినది సొమ్మును కాదు, సంవత్సరములను. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల జానెడుకంటె కొంచెము పొడవుండును. మూడు నాలుగేండ్లలో అది మూడు మొదలు ఐదడుగుల వఱకు పెరుగును. చక్కగా సాకినచో 15 మొదలు 20 ఏండ్లు బ్రదుకును. అంతకు మించి బ్రదికినవియు కలవు. 13 ఏండ్ల బాలుడు ముచ్చటపడి తెచ్చుకొన్న పాము, వాడు చదువు ముగించి, ఉద్యోగమున చేరి, పెండ్లియాడు నాటికిని పెట్టెలోనుండి నాలుక చాచుచునే యుండును. వాడు పైచదువునకు పరదేశమేగినప్పుడు దానికి ఎలుకను పెట్టువారెవరు? తల్లి అందుకు ఒప్పుకొన్నదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకిన పిదపనే తక్కిన ప్రశ్నలు.

అడవిలో పట్టిన పామును కొనరాదు. దాని కడుపున పురుగులును, ఒంటిమీద పేలవంటి పిడుదులును ఉండుట పరిపాటి. మఱియు మనుష్యుని చూచి బెదరి ఆహారము ముట్టక కృశించును. పెంపకపువారి యింట పొదిగింపబడి పుట్టిన పిల్ల యైనచో పుట్టుకనుండి మనుష్యుల అలికిడికి అలవాటుపడి యుండును. కొనుటకు ముందు, అది తినుచుండగా చూపుమని అమ్మువానిని అడుగుటలో తప్పు లేదు. తెలిసినవారందఱు అట్లే అడుగుదురు. కన్నులు తేటగా ఉండవలెను. నోటివద్ద నురుగు ఉండరాదు. వెన్నెముక పైకి పొడుచుకొని కనబడరాదు.

ఇక ఇల్లు. పెరిగిన పామునకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల అద్దపు పెట్టెయో కొయ్య పెట్టెయో కావలెను. పిల్లపామునకు చిన్నపెట్టె చాలును. పెట్టె ఎంత అందముగా నున్నను మూత గట్టిది కానిచో అంతయు వ్యర్థము. మొక్కజొన్నపాము చెట్లును గోడలును ఎగబ్రాకునది. దాని తల దూరిన సందున మేనంతయు దూరును. మూతపై బరువు పెట్టితిమి గదా యని నిశ్చింతగా నిదురించినవారు తెల్లవారుసరికి ఖాళీ పెట్టెను చూచిన సందర్భములు పెక్కు. తప్పించుకొనిన పాము చాలతఱచుగా దూరముపోదు. రెఫ్రిజిరేటరు వెనుకనో, పుస్తకముల బీరువా వెనుకనో, వెచ్చగా ఇఱుకుగా ఉన్నచోట ముడుచుకొని యుండును. పెట్టె అడుగున కాగితములుగాని, ఆస్పెన్ అను చెట్టు కొయ్యపొట్టుగాని పఱతురు. సెడారు కొయ్యపొట్టు మాత్రము పనికిరాదు. మనుష్యులకు ఇంపైన దాని వాసనలోని తైలములే పాము ఊపిరితిత్తులకు హాని చేయును.

పాము శీతలరక్తప్రాణి. అనగా దాని రక్తము ఎల్లప్పుడును చల్లగా ఉండునని అర్థము కాదు. తన వేడిని తాను పుట్టించుకొనజాలక పరిసరములనుండి గ్రహించునని అర్థము. చలిగా నున్నచో ఎండకు వచ్చును. వేడి యెక్కువైనచో నీడకు పోవును. పెట్టెలోని పామునకు ఎండయు నీడయు యజమానుడే కల్పింపవలెను. కావున పెట్టెకు ఒక కొనను 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి, రెండవ కొనను 22 మొదలు 24 డిగ్రీల చల్లదనము ఉండునట్లు చూడవలెను. వేడి చాలనిచో తిన్నది జీర్ణము కాక కడుపులోనే కుళ్ళును; పాము దానిని కక్కివేయును. ఇంగ్లండులో చలికాలమున విద్యుత్తు పలకతోగాని దీపముతోగాని ఈ వేడిని కల్పింతురు. ఎండలకు పేరుపడిన మన రెంటచింతలలో ఐనచో దీనికి విరుద్ధముగా, పెట్టెను చల్లబఱచు ఉపాయము వెదకవలసివచ్చును!

వేడి పరికరమును థెర్మోస్టాటు లేకుండ వాడుట ఆరంభకులు చేయు తప్పులలో మిక్కిలి క్రూరమైనది. థెర్మోస్టాటనగా వేడి నిర్ణీతస్థాయికి చేరగనే విద్యుత్తును ఆపునట్టి సాధనము. అది లేనిచో పలక కాలుచునే పోవును. పాముకు క్రిందినుండి తగులు వేడి ప్రమాదకరమైన సంగతి వెంటనే తెలియదు. వెచ్చగా ఉన్నదని అక్కడనే చుట్టచుట్టుకొని పడుకొని, పొట్ట చర్మము కాలువఱకు కదలకపోవచ్చును. విద్యుత్తుతో వేడెక్కు కృత్రిమపు రాళ్ళు కొన్ని అంగళ్ళలో అమ్మబడుచున్నవి. వానివలన కాలిన పాములకు వైద్యులు చికిత్స చేయుచునే యున్నారు. చేతితో తాకిచూచి వేడిని అంచనా వేయుట తగదు. రెండు కొనలను రెండు ఉష్ణమాపకములు ఉంచవలెను.

దాగుకొనుటకు గూళ్ళును రెండుండవలెను. వెచ్చనిచోట ఒకటి, చల్లనిచోట ఒకటి. ఒకటే యున్నచో పాము పెద్ద చిక్కులో పడును. గూడు చల్లనివైపున నున్నదనుకొందము. దానికి వేడి కావలెను. కాని వేడికై వెలుపలికి వచ్చిన తనను ఏ గ్రద్దయో తన్నుకొనిపోవునని దాని మేనిలోని పూర్వభయము చెప్పును. అట్టియెడ అది వేడిని వదలుకొని చాటునే కోరుకొని, క్రమముగా జబ్బుపడును. యజమానుడు మాత్రము 'మా పాము చాల నెమ్మదిగలది, గూడు వదలి రాదు' అని మురియుచుండును. వీనికి తోడు, పాము మునుగుటకు చాలినంత నీటి తొట్టి ఒకటి ఉంచి, నీటిని తఱచు మార్చవలెను.

నీరని యన్నప్పుడు పాల సంగతి చెప్పక తప్పదు. నాగులచవితినాడు పుట్టలో పాలుపోయు ఆచారము మనకు కలదు. అది భక్తికి సంబంధించిన విషయము. ఆహారశాస్త్రమునకు సంబంధించినది కాదు. పాలు క్షీరదముల పిల్లల ఆహారము. పాము వానిని జీర్ణించుకొనజాలదు. పాములవారు చూపు పాము గిన్నెలో మూతిపెట్టి పాలు త్రాగినచో, అది దినములతరబడి నీరెఱుగక దాహముతో అలమటించుచున్నదని గ్రహింపవలెను.

మొక్కజొన్నపాము ఆహారము ఎలుకపిల్లలు, చుండెలుకలు. దంటుతోగాని పండ్లతోగాని దానికి పని లేదు. శాకాహారులైన కుటుంబములు ముందే ఆలోచించుకొనవలసిన విషయమిది. పాశ్చాత్యదేశములలో చంపి, గడ్డకట్టించిన చుండెలుకలు అంగళ్ళలో దొరకును. దానిని రెఫ్రిజిరేటరులో నెమ్మదిగా కరగనిచ్చి, పిమ్మట వేడినీటిలో కొంతసేపుంచి వెచ్చబఱచి, పట్టకారుతో అందింతురు. ఎర పాము శరీరమున మిక్కిలి లావైన భాగమంత లావుండిన చాలును. పిల్లపామునకు ఐదాఱు దినముల కొకసారి, పెద్దదానికి పది పదునాలుగు దినముల కొకసారి పెట్టుదురు. ప్రాణముతోనున్న ఎలుకను పెట్టెలో వదలుట వేడుక కాదు. ఆకలిలేని పాము దానిని పట్టింపుకొనదు. ఎలుక మాత్రము ఊరకుండక పాము వెన్ను కొఱికివేయును. అట్టి గాయములతో మరణించిన పాములు కలవు.

క్రొత్తపామును ఇంటికి తెచ్చిన తరువాతి వారమే యజమానుని ఓర్పునకు నిజమైన పరీక్ష. చూడవచ్చిన మిత్రులందఱకు చూపవలెనని ఉబలాటము కలుగును. ఆ వారము దానిని ముట్టరాదు. పెట్టె క్రొత్తది, వాసన క్రొత్తది, చప్పుళ్ళు క్రొత్తవి. పాము తన చీలుడు నాలుకను ఆడించుచు గాలిలోని వాసనకణములను గ్రహించి, అంగుటిలోని ఒక ప్రత్యేకేంద్రియమునకు అందించి, ఆ క్రొత్తలోకమును కొంచెము కొంచెముగా తెలిసికొనుచుండును. వారము గడచిన పిదప చిన్న ఎరను పెట్టవలెను. తినినచో మఱి 48 గంటలు తాకరాదు. తాకినచో బెదరి కక్కును. తిననిచో ఎరను తీసివేసి మఱియొక వారము ఆగవలెను. తొందరపడి నోరు తెఱచి కుక్కుట నిపుణుడైన వైద్యుడు తప్ప ఇతరులు చేయరాని పని. పెరిగిన పాము వారములకొలది తినకున్నను బ్రదుకును. కుబుసము విడుచుటకు ముందును, చలికాలమునను అది తినకుండుట సహజము. దిగులుపడుటకు బదులు వంటింటి త్రాసులో తూచి, తేదీ వేసి బరువు వ్రాసికొనుట మేలు. బరువు తగ్గనంతవఱకు భయము లేదు. వరుసగా తగ్గుచున్నచో సరీసృపములకు చికిత్స తెలిసిన పశువైద్యునికి చూపవలెను. అట్టి వైద్యుడు ప్రతి యూరను దొరకడు. అందుచేత పామును కొనుటకు ముందే వైద్యుని విచారించి యుంచుకొందురు.

ఒకనాడు పాము వన్నె మాసి, కన్నులు నీలిపాలవలె మసకబాఱును. క్రొత్తవారు గ్రుడ్డిదైనదని గాబరాపడుదురు. అది కుబుసము విడుచు సూచన. పామునకు కనుఱెప్పలు లేవు. కంటిని ఒక పారదర్శకమైన పొర కప్పియుండును, కుబుసముతోపాటు ఆ పొరయు ఊడవలెను. కొలది దినములకు కన్ను మరల తేటపడును. ఆపై పాము ముక్కును రాతికి రాచి, మేజోడు తిరగవేసినట్లు చర్మమును మూతినుండి తోకవఱకు ఒకే తునకగా విడుచును. ముక్కలు ముక్కలుగా ఊడినచో గాలిలో తేమ చాలలేదని అర్థము. తడి నాచు నింపిన డబ్బా నొకదానిని పెట్టెలో ఉంచిన చాలును. కంటిమీద మిగిలిన పొరను గోటితోగాని చిమటాతోగాని పెఱికినవారు పాము కంటినే పోగొట్టిరి.

పామును పట్టునప్పుడు పైనుండి చేయి వేయరాదు. శత్రుపక్షులు వచ్చునది ఆ దిక్కుననే. ప్రక్కనుండి మెల్లగా ఎత్తి, రెండుచేతులతో మేనికి ఆధారమీయవలెను. ఎలుక వాసన చేతికి ఉన్నచో చేయియే ఎర యనుకొనును. కఱచినను ముల్లు గీచినంత గాయమే యగును. అసలు జాగ్రత్త మఱియొకటి. సరీసృపముల మేనిపైనను మలమునందును సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి ఉండవచ్చును. అది మనుష్యులకు విరేచనములను జ్వరమును కలిగించును. పామును గాని పెట్టెను గాని ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఐదేండ్లలోపు పసివాండ్రున్న యింట పామును పెంచవద్దని అమెరికా ఆరోగ్యశాఖవారి హెచ్చరిక. ఇంతచేసినను పాము కుక్కవలె యజమానుని ప్రేమించునా? ప్రేమింపదు. అతనివలన అపాయము లేదని మాత్రము నేర్చుకొనును. దానితో తృప్తిపడనివారు కుక్కను పెంచుకొనుటయే న్యాయము.

అన్ని దేశములును దీనికి అంగీకరింపవు. న్యూజిలాండునందును, అమెరికాలోని హవాయి రాష్ట్రమునందును ఎట్టి పామునైనను పెంచుట నిషిద్ధము. జార్జియా రాష్ట్రమున మొక్కజొన్నపాము స్థానిక వన్యప్రాణి యగుటచే అచ్చట దానిని ఇంటిలో ఉంచరాదు. భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నాగుపామును, జెఱ్ఱిపోతును, కొండచిలువను పట్టి పెంచుట నేరము. ఇంటిలో పాము కనబడినచో అటవీశాఖవారికి తెలుపవలెనే గాని సీసాలోనో బుట్టలోనో దాచరాదు.

విసిగిన యజమానులు పామును ఊరివెలుపల విడిచిన ఫలితమేమో ఫ్లోరిడా రాష్ట్రము చూచుచున్నది. ఆగ్నేయాసియాకు చెందిన బర్మా కొండచిలువలు అచ్చట పెంపుడుజంతువులుగా అమ్ముడుపోయినవి. చేతిలో ఇమిడిన పిల్ల కొలది యేండ్లలో పదడుగులు దాటగా, పెంచజాలనివారు కొందరు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలలో వదలిరి. 1992 నాటి ఆండ్రూ తుపానులో పెంపకశాల యొకటి కూలగా మఱికొన్ని తప్పించుకొనెను. 2000 నాటికి అవి అచ్చట స్థిరపడి పిల్లలను పెట్టుచున్నట్లు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. 2012లో ప్రకటింపబడిన పరిశోధన ననుసరించి, ఆ ప్రాంతపు బాటలవెంట రకూను అను జంతువులు కనబడుట నూటికి తొంబదితొమ్మిది వంతులు తగ్గెను; కుందేళ్ళు దాదాపు కనబడకపోయెను. 2023లో అచ్చట పట్టుబడిన యొక కొండచిలువ 19 అడుగుల పొడవుండెను. ఇప్పుడు ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖవారు, పెంచజాలని విదేశజంతువులను తెచ్చి యిచ్చినవారిని ఏ శిక్షయు లేకుండ పంపివేసి, ఆ జంతువులను తగిన యింటికి దత్తత యిచ్చుచున్నారు. పామును సంచిలో మూటగట్టి చిత్తడినేల గట్టునకు పోవువాడు ఆ శాఖవారి యొద్దకు పోయినచో సరిపోవును.