తెర నల్లబడినప్పుడు

కంప్యూటరు తెరమీది దృశ్యమును రికార్డు చేసికొనుట నేడు మన యిండ్లలో వింత కాదు. సంగీతపాఠములు చెప్పువారును, వంటలు చూపించువారును, దూరముననున్న బిడ్డలతో మాటలాడు తల్లులును ఓబీఎస్ స్టూడియో అను సాధనమును వాడుచున్నారు. 2012లో వెలువడిన యీ సాధనమునకు వెల లేదు. మంచిదే; కాని గ్రాఫిక్స్ కార్డు సంగతి యెఱుగక దానిని నమ్మి కూర్చున్నచో ఏమగునో మేము అనుభవించితిమి.

మా మేనత్తగారికి ఎనుబదియేండ్లు దాటినవి. విదేశముననున్న మనుమరాలు వీడియో కాలులో అడుగుచుండగా, ఆమె మా యింట కూర్చుండి తాను నేర్చిన పెండ్లిపాటలు గంటసేపు పాడినారు. ఆ తెరను మేము రికార్డు చేసితిమి. పిమ్మట తెఱచి చూడగా పాట వినబడినది గాని తెర ఆసాంతము నలుపే. అత్తగారి ముఖము లేదు, మనుమరాలి ముఖము లేదు.

దోషము యంత్రమున లేదు, మా తెలియమిలో నున్నది. అనేకములైన లాప్‌టాపులలో చిత్రములు గీయు చిప్పులు రెండుండును. ఒకటి ప్రాసెసరులోనే యిమిడి, కరెంటు తక్కువగా వాడును. రెండవది వేఱుగా నుండి, ఆటలవంటి బరువుపనులు చేయును. సామాన్యముగా తెరమీది బొమ్మను మొదటిదే చూపును. ఓబీఎస్ రెండవదానిమీద నడచుచున్నచో, డిస్‌ప్లే క్యాప్చరులో దానికి నలుపు తప్ప మఱేమియు చిక్కదు. పప్పు ఒక పొయ్యిమీద ఉడుకుచుండగా, ఇంకొక పొయ్యిమీది ఖాళీగిన్నెలో గరిటె పెట్టినట్లు!

విండోస్ 10, 11లలో దీనికి ఉపాయము సులభము. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అను వరుసను పోయి, అచ్చట ఓబీఎస్‌ను చేర్చి, పవర్ సేవింగ్ అనుదానిని ఎన్నుకొనవలెను. తరువాత ఓబీఎస్‌ను మూసి మరల తెఱవవలెను. ఇంటిలోని కుఱ్ఱవాడు “బలమైన కార్డునకే పెట్టుము” అనును. వాని ఆటను రికార్డు చేయుటకు ఆ మాట సరియే, మన పనికి కాదు. 2021లో వచ్చిన 27వ సంచికనుండి డిస్‌ప్లే క్యాప్చరులోనే విండోస్ 10 పద్ధతి యని వేఱొకటి కలదు. దానిని ఎన్నుకొన్నను తెర కనబడును. ఓబీఎస్ ఏ కార్డుమీద నడచుచున్నదో హెల్ప్ క్రింది లాగ్ ఫైల్స్‌లో మొదటి పంక్తులయందే తెలియును.

కొందఱికి రికార్డు మొదలిడగనే ఎన్‌వెంక్ ఎర్రర్ అని వచ్చును. ఎన్‌వెంక్ యనగా ఎన్విడియా కార్డులలో వీడియోను కుదించు భాగము. తఱచుగా డ్రైవరు పాతబడుటయే దీనికి కారణము, క్రొత్తది వేసికొనవలెను. అప్పటికిని కుదురనిచో అవుట్‌పుట్ సెట్టింగులలో ఎక్స్264ను ఎన్నుకొనిన, ఆ పని ప్రాసెసరు చేయును. యంత్రము కొంచెము వేడెక్కును. ఎన్‌కోడింగ్ ఓవర్‌లోడెడ్ అని వచ్చినచో భారము మిక్కుటమైనదన్నమాట. 1920×1080 కొలతను 1280×720కును, సెకనుకు 60 ఫ్రేములను 30కిని తగ్గింపవలెను.

నెల తరువాత అత్తగారు మరల కూర్చుండిరి. ఈసారి అరనిమిషము రికార్డు చేసి, చూచుకొని, పిమ్మట పాడుమంటిమి. “ముందే చూచుకొనకపోయితిరా!” అని నవ్వినారు. దృశ్యము చక్కగా వచ్చినది. కాని మొదటినాడు పాడిన అప్పగింతల పాట ఆమెకు ఆ దినమున జ్ఞప్తికి రాలేదు. అది మా యొద్ద నల్లని తెరతోనే యున్నది.