కొండాపూర్‌లో కుక్కల బడి

కొండాపూర్‌లో గజం ధర తెలిసినవాళ్లు ఈ పార్కు చూస్తే ముక్కున వేలేసుకుంటారు. 1.3 ఎకరాలు, అదీ కుక్కలకు! ఒకప్పుడు చెత్త పారబోసిన స్థలమిది. 2018లో జీహెచ్‌ఎంసీ దాదాపు రూ.1.1 కోట్లు పెట్టి పెంపుడు కుక్కల పార్కు చేసింది. నడక దారులు, పచ్చిక, ఆడుకోవడానికి నీటి మడుగు, ఎక్కి దూకే సామగ్రి, పెద్దవాటికీ చిన్నవాటికీ వేర్వేరు ఆవరణలు ఉన్నాయి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా గుర్తింపు కూడా వచ్చింది. ఇవన్నీ సరే. నా లెక్కలో ఇక్కడ అన్నిటికన్నా విలువైనది ఖాళీ జాగా. ఆ సంగతి గ్రూప్ ట్రైనింగ్ జరిగే పూట వస్తే తెలుస్తుంది.

మా చిట్టి వీధిలో పుట్టిన దేశవాళీ ఆడపిల్ల. ఇంట్లో ఉన్నంతసేపూ బంగారం. బయట ఇంకో కుక్క కంటపడిందా, పూనకమే. దాన్ని తీసుకుని వెళ్లేసరికి పొద్దున ఆరున్నర. ఎండెక్కితే పాఠం సాగదు. మనలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి దిగుతుంది. ట్రైనర్ వంగి నేలకు అరచెయ్యి ఆనించి చూశాడు. మన చెయ్యి ఆగలేని చోట దాని పాదం మాత్రం ఎలా ఆగుతుంది? తర్వాత అందరి దగ్గరా టీకాల పుస్తకాలు తీసుకుని రేబిస్ పేజీ చూశాడు. ఆటకంటే ముందు అదే.

ఆ పూట బడికి వచ్చినవి ఓ లాబ్రడార్, ఒక బీగిల్, గులాబీ రిబ్బను కట్టుకున్న షిట్జూ, హైదరాబాద్ ఉక్కపోతలో ఉసూరుమంటున్న హస్కీ, మా చిట్టి. మంచు దేశపు జీవిని ఏ ధైర్యంతో కొంటారో నాకైతే అర్థం కాదు. ఒక్కో కుక్కకూ ముప్ఫై అడుగుల ఎడంలో ప్లాస్టిక్ కోన్ పెట్టి నిలబడమన్నారు. మొదటి అరగంట సిట్ లేదు, స్టే లేదు. పక్క కుక్కను చూడనివ్వడం, చూసి మళ్లీ మనవైపు తిరిగిన క్షణంలో ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వడం, అంతే. ఉప్పు, ఉల్లిపాయ తగలని చికెన్. ఉల్లి కుక్కలకు విషం.

“ముక్క తినట్లేదు సార్, పొద్దున్న టిఫిన్ ఎక్కువైనట్టుంది” అన్నాడు బీగిల్ యజమాని.

“కడుపు నిండి కాదన్నా, భయమేసి. నాలుగడుగులు వెనక్కి జరుగు” అన్నాడు ట్రైనర్.

జరిగాడు. బీగిల్ ముక్క అందుకుంది.

ఆ పూటంతా చెప్పిన పాఠం దూరం గురించే. ప్రతి కుక్కకూ ఓ హద్దుంటుంది. దానికి అవతల ఇంకో కుక్క ఉంటే వింత, ఇవతలికొస్తే ముప్పు. హద్దు దాటాక చికెన్ కాదు కదా, యజమాని గొంతు కూడా చెవికెక్కదు. మొరగడానికి చాలా ముందే అది చెబుతూనే ఉంటుంది. నిద్ర లేకుండానే ఆవులిస్తుంది, తిండి లేకుండానే మూతి నాక్కుంటుంది, మొహం పక్కకు తిప్పేసుకుంటుంది. తోక ఊపిందంటే సంతోషమేననీ లేదు. బిగదీసుకుని ఊపుతుంటే జాగ్రత్త పడాలి. అది మొరిగేదాకా మనం చూడం.

ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లు తలుచుకోండి. లిఫ్టు తలుపు తెరుచుకుంటే రెండు కుక్కలు మూతీ మూతీ తగిలేంత దగ్గర. వాటి మర్యాద ప్రకారం ఎదురెదురుగా రావడం పోట్లాటకు కాలు దువ్వడమే. ఒళ్లు వంచి, కాస్త చుట్టు తిరిగి, పక్కనుంచి వాసన చూడటం వాటి పలకరింపు. తాడు బిగించి పట్టుకున్న మనం ఆ వంపు తిరగనివ్వం. పైగా “మావాడు ఫ్రెండ్లీ అండీ, ఏం చెయ్యడు” అంటూ ముందుకు తోస్తాం. నా దృష్టిలో అంతకన్నా ప్రమాదకరమైన మాట లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పరిశీలించి 1965లో పుస్తకం వేశారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా చూసినవాటికి కుక్కపిల్ల తేలిగ్గా అలవాటుపడుతుందని తేల్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే టీకాలు పూర్తి కాలేదని మనం దాన్ని ఫ్లాటులో బంధిస్తాం. నేల మీద దించకుండా చంకనెత్తుకుని లోకం చూపించవచ్చని ఎవరూ చెప్పరు.

రెండో గంటలో కోన్లు దగ్గరికి జరిగాయి. ట్రైనర్ చేతిలో చిన్న క్లిక్కర్. టిక్కుమంటే ముక్క ఖాయం. 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు ఈలతో శిక్షణనిచ్చిన కరెన్ ప్రయర్ తర్వాత ఈ పద్ధతిని కుక్కల యజమానుల్లో బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. నీళ్లలో ఉన్న డాల్ఫిన్‌ను గొలుసేసి లాగలేం కదా! చెయ్యి అందని చోటికి చప్పుడు అందుతుంది.

లాబ్రడార్ వాళ్లింట్లో బామ్మ “కూర్చో” అంటుంది, మనవడు “సిట్” అంటాడు, పనమ్మాయి “బైఠ్” అంటుంది. అది ముగ్గురినీ చూసి నిలబడే ఉంది. ఒక్క మాట ఖాయం చేసుకోమని ట్రైనర్ ఇంటిల్లిపాదికీ చెప్పాడు. హస్కీ యజమాని మాత్రం తనది పోలీసు కుక్కలా తయారవ్వాలన్నాడు. “మొయినాబాద్ పోలీసు అకాడమీలో కుక్కతోపాటు దాని హ్యాండ్లర్ కూడా నెలల తరబడి శిక్షణ తీసుకుంటాడు సార్. మీరు రోజుకి ఎంతసేపు ఇవ్వగలరు?” అని అడిగాడు ట్రైనర్. ఆయన ఫోన్ చూసుకున్నాడు.

పది దాటకముందే సర్దేశాం. చిట్టి చివరికి షిట్జూకి పన్నెండడుగుల దూరంలో కూర్చోగలిగింది. పదడుగులకు రాగానే మళ్లీ పూనకం. “పన్నెండు చాలమ్మా, ఈ వారం అక్కడే ఉండండి” అన్నాడు ట్రైనర్. ఇంటి పని కూడా ఇచ్చాడు: లిఫ్టులో ఇంకో కుక్క కనబడితే ఎక్కకండి, తర్వాతిది రానివ్వండి, ఆలోగా రెండు ముక్కలు పెట్టండి. మాది తొమ్మిదో అంతస్తు, ఉన్నది ఒకటే లిఫ్టు. ఆ మాటంటే మెట్లున్నాయి కదా అన్నాడు.