పిల్లల నడకకు తగిన ప్రయాణం

గౌలిగూడలోని మా కార్యాలయానికి వచ్చేవారిలో ఈ మధ్య చాలామంది ఒకే పని మీద వస్తున్నారు. చేతిలో ఫైలు, ఫైలు నిండా జిరాక్సులు. "అయ్యగారూ, బాబు బాప్తిస్మ సర్టిఫికెట్ ఒకటి రాసివ్వండి, వీసాకు పెట్టాలి" అంటారు. ఒకప్పుడు ఇక్కడి బస్టాండులో ట్రంకు పెట్టెలతో, పిల్లాపాపలతో కుటుంబాలు ఊళ్ల నుండి దిగేవి. ఆ పాత రేకుల షెడ్డు 2018 జూలైలో కూలిపోయింది. అక్కడ దిగినవారి మనుమలు ఇప్పుడు శంషాబాదులో విమానం ఎక్కుతున్నారు.

వెళ్లవద్దని మేము చెప్పడం లేదు. అయితే ఒక్కరు వెళ్లడం వేరు, ఇల్లంతా కదలడం వేరు. ఆ తేడా ముందుగా తెలియక మన సంఘాల్లోని కుటుంబాలు పడుతున్న ఇబ్బంది చూసి, ఈ వారం ఈ విషయమే రాస్తున్నాము.

ఒక కుటుంబానికి జరిగినది

మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఇంగ్లండు వెళ్లింది. తండ్రికి ఉద్యోగం, తల్లికీ ఇద్దరు పిల్లలకూ వీసాలు, టికెట్లు అన్నీ కుదిరాయి. తొమ్మిదేళ్లుగా ఇంట్లో పెరిగిన టామీని ఎలా తీసుకెళ్లాలని ప్రయాణానికి ఎనిమిది రోజుల ముందు విచారించారు. నాలుగు నెలలకు పైగా పడుతుందని అప్పుడు తెలిసింది. చేసేది లేక కుక్కను నానమ్మ దగ్గర వదిలి వెళ్లారు. ఆమెకు డెబ్బై రెండేళ్లు. బలమైన కుక్కను గొలుసు పట్టి నడిపించే ఓపిక లేదు. అది గేటు దగ్గరే పడుకుని నాలుగు రోజులు తిండి ముట్టలేదు. అక్కడ చిన్నపాప రోజూ ఫోనులో కుక్కను చూపించమని ఏడ్చేది.

ఐదు నెలలకు టామీని పంపే ఏర్పాటు కుదిరింది. తీరా చూస్తే వాళ్లున్న ఇంటి అగ్రిమెంటులో పెంపుడు జంతువులు ఉండకూడదని రాసి ఉంది. కుక్క కోసం ఇల్లు మారారు. కొత్త ఇల్లు దూరం కావడంతో, ఇక్కడ తొమ్మిదో తరగతి ముగించి వెళ్లిన పెద్దబాబు ఒకే సంవత్సరంలో రెండు బడులు చూశాడు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. క్రమం తలకిందులైంది, అంతే. మనం ముందు టికెట్టు, తరువాత ఇల్లు, ఆ తరువాత బడి, చివరికి కుక్క అనుకుంటాము. నిజానికి కుక్క ఉంటే దాన్ని బట్టి ఇల్లు, ఇంటిని బట్టి బడి తేలుతాయి. ఎక్కువ కాలం పట్టే పనిని మొదట మొదలుపెట్టాలి.

అందరికీ అనుమతి ఉందా?

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇది. ఉద్యోగం వచ్చినంత మాత్రాన కుటుంబానికి దారి తెరుచుకున్నట్టు కాదు. బ్రిటన్‌లో 2024 జనవరి నుండి మామూలు మాస్టర్స్ కోర్సులకు వెళ్లే విద్యార్థులు భార్యాపిల్లలను వెంట తీసుకెళ్లే వీలు లేదు. అదే సంవత్సరం మార్చి 11 నుండి కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లకూ ఆ అవకాశం పోయింది. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగి జీవిత భాగస్వామికీ, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలకూ హెచ్-4 వీసా వస్తుంది. గల్ఫు దేశాలలో జీతాన్ని, వృత్తిని బట్టి కుటుంబ వీసా ఉంటుంది. "ముందు మీరు వెళ్లండి, పిల్లల సంగతి తరువాత చూద్దాం" అని ఏజెంటు అంటే, ఆ మాట ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో నిజమో కాదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ఖర్చు కూడా తలకు ఇంత అని లెక్క వేసుకోవాలి. బ్రిటన్ వీసాతో పాటు కట్టే ఆరోగ్య రుసుమే పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, 18 ఏళ్లలోపు వారికి 776 పౌండ్లు. మూడేళ్ల వీసా అయితే మూడేళ్ల సొమ్మూ ముందే కట్టాలి.

కుక్క విషయం

కుక్క గురించి సంపాదకీయమా అని కొందరు నవ్వుకోవచ్చు. తొమ్మిదేళ్లు మన వాకిలి కాచిన ప్రాణిని వీధిలో వదలడం నవ్వే విషయం కాదు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. అందుకే ఇన్ని నిబంధనలు. మొదటి మెట్టు మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్‌ను మెడ వెనుక చర్మం కింద పెడతారు. అందులో 15 అంకెల సంఖ్య ఉంటుంది. రేబిస్ టీకా చిప్ పెట్టిన తరువాతే వేయించాలి. మనవాళ్లు తప్పేది ఇక్కడే. ఏటా టీకా వేయిస్తారు, పుస్తకం నిండా స్టాంపులు ఉంటాయి, చిప్ మాత్రం ఉండదు. చిప్ లేనప్పుడు వేసిన టీకా లెక్కలోకి రాదు.

బ్రిటన్‌కూ ఐరోపా యూనియన్ దేశాలకూ అయితే, టీకా తరువాత కనీసం 30 రోజులు ఆగి, ఆమోదం పొందిన ల్యాబుకు రక్తం పంపి యాంటీబాడీ పరీక్ష చేయించాలి. ఫలితం కనీసం 0.5 ఉండాలి. రక్తం తీసిన రోజు నుండి మూడు నెలలు గడిచాకే ప్రవేశం. నాలుగు నెలల లెక్క ఇదే. బ్రిటన్‌కు ఇంకొకటి ఉంది: చేరడానికి 24 గంటల నుండి 120 గంటల ముందు నట్టపురుగుల మందు వేయించి, డాక్టరు చేత రాయించుకోవాలి. అక్కడికి విమానంలో కుక్క కార్గోగానే వెళుతుంది, సీటు పక్కన కాదు.

అమెరికా 2024 ఆగస్టు 1 నుండి నిబంధనలు మార్చింది. కుక్కకు కనీసం ఆరు నెలల వయసు, చిప్, ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన టీకా పత్రం ఉండాలి. దించవలసింది కూడా అందుకు నిర్ణయించిన కొన్ని విమానాశ్రయాల్లోనే. అక్కడి గుర్తింపు పొందిన సంరక్షణ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. యాంటీబాడీ పరీక్ష లేకపోతే 28 రోజులు మన ఖర్చుతో క్వారంటైన్‌లో ఉంచుతారు. ఆస్ట్రేలియా అయితే మన దేశం నుండి నేరుగా కుక్కలను అనుమతించదు. అది ఆమోదించిన మరో దేశంలో కొన్ని నెలలు ఉంచి, అక్కడి నుండి తీసుకెళ్లవలసిందే.

ఇక్కడి నుండి బయలుదేరే ముందు కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం అనుమతి కావాలి. ఆ కేంద్రం హైదరాబాదులోనూ ఉంది. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు విమానంలో ఊపిరాడక ప్రమాదం కాబట్టి చాలా విమాన సంస్థలు వాటిని ఎక్కించుకోవు. ముసలి కుక్కకు, జబ్బు కుక్కకు ప్రయాణం కంటే అలవాటైన మనుషుల మధ్య ఉండడమే మేలు కావచ్చు. అలాగైతే దాన్ని చూడగలిగిన వారిని రెండు నెలల ముందే వెతికి, వాళ్లింట్లో కొన్ని రోజులు ఉంచి అలవాటు చేయండి. కాదనలేని వృద్ధురాలి మీద భారం మోపకండి.

ఇల్లు

మన దగ్గర ఇల్లు అద్దెకు అడిగితే ఏ కులం, ఏ మతం, మాంసం వండుతారా అని అడిగేవారున్నారు. మనలో చాలామందికి ఆ అనుభవం ఉంది. అక్కడ అడిగేవి వేరు. జీతం ఎంత, పాత యజమాని ఉత్తరం ఉందా, క్రెడిట్ చరిత్ర ఉందా, కుక్క ఉందా. కొత్తగా దిగినవారికి క్రెడిట్ చరిత్ర ఉండదు. అందుకే మొదటి కొన్ని వారాలకు తాత్కాలిక వసతి తీసుకుని, బడులు చూసుకున్నాక ఏడాది అగ్రిమెంటు మీద సంతకం చేయడం మంచిది.

ఇంగ్లండులో ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే ఐదు వారాల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు. 2025లో చట్టమైన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం, పెంపుడు జంతువు కోసం అద్దెదారు అనుమతి కోరితే తగిన కారణం లేకుండా కాదనకూడదు. అమెరికాలో చాలా అపార్టుమెంట్లు కుక్కకు వేరే అద్దె వసూలు చేస్తాయి, కొన్ని జాతులను రానివ్వవు. దుబాయిలో ఏడాది అద్దెను కొన్ని పోస్ట్‌డేటెడ్ చెక్కులుగా ముందే ఇవ్వడం వాడుక. ఎక్కడైనా సరే, ఇల్లు మన కంటితో, లేదా మన మనిషి కంటితో చూడకుండా అడ్వాన్సు పంపవద్దు. ఫొటోలు పెట్టి డబ్బు కాజేసేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

బడి

ఆబిడ్స్‌లో మనకు పేరున్న బడులు చాలా ఉన్నాయి. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834 నాటిది. ఏ పేటలో ఉన్నా ఫీజు కట్టి, ఆటో మాట్లాడుకుని పిల్లలను అక్కడికి పంపగలిగాము. అమెరికాలో ప్రభుత్వ బడికి ఇంటి చిరునామాయే ఆధారం. ఫీజు లేదు, కానీ ఆ హద్దులో కాపురం ఉన్నట్టు అద్దె అగ్రిమెంటో కరెంటు బిల్లో చూపాలి. ఇంగ్లండులో సంవత్సరం మధ్యలో దిగితే అక్కడి కౌన్సిలుకు దరఖాస్తు చేయాలి, ఖాళీ ఉన్న బడిలో ఇస్తారు. ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద ఉన్నవారి పిల్లలకు కొన్ని రాష్ట్రాలు ప్రభుత్వ బడిలోనూ ఫీజు తీసుకుంటాయి. ఎమిరేట్స్‌లో మనవారి పిల్లలు ఎక్కువగా ప్రైవేటు బడుల్లోనే చదువుతారు. సిబిఎస్‌ఇ బడులు ఉన్నాయి కాబట్టి చదువు తెగదు, కానీ ఫీజు జీతంలో పెద్ద భాగమే.

వయసు చాలా ముఖ్యం. చిన్న తరగతుల పిల్లలు ఆరు నెలల్లో కలిసిపోతారు. పధ్నాలుగు, పదిహేనేళ్ల వారికి కష్టం. ఇంగ్లండులో ఆ వయసుకే రెండేళ్ల జిసిఎస్‌ఇ చదువు మొదలవుతుంది, మధ్యలో చేరితే సగం పాఠాలు అయిపోయి ఉంటాయి. పదో తరగతిలో ఉన్న బిడ్డను పరీక్షలు రాయనిచ్చి, తరువాత కదలడం గురించి ఆలోచించండి. తండ్రి ఆరు నెలలు ముందు వెళ్లడం నష్టం కాదు.

కాగితాలు

బాప్తిస్మ సర్టిఫికెట్ జన్మ ధ్రువపత్రం కాదు. మేము సంతోషంగా రాసిస్తాము, కానీ దానితో వీసా పని జరగదు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి జన్మ ధ్రువపత్రమే ఆధారం. ఇంటిపేరు మరో చిక్కు. టెన్త్ మెమోలో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, జన్మపత్రంలో బిడ్డ పేరే లేకుండా ఉంటే, ముందు వాటిని సరిచేయించండి.

సర్టిఫికెట్లను మన విదేశాంగ శాఖ అపోస్టిల్ చేస్తే దాన్ని గౌరవించే దేశాలు చాలా ఉన్నాయి. మన దేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది. ఎమిరేట్స్, కువైట్, ఖతర్ అందులో లేవు, కాబట్టి వాటికి రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. టీకాల వివరాలు తేదీలతో ఇంగ్లీషులో రాయించుకోండి. మన ప్రభుత్వ టీకాల జాబితాలో చికెన్ పాక్స్ టీకా లేదు, అమెరికా బడులు మాత్రం అడుగుతాయి.

చివరిగా ఒక మాట

తెలుగువారు పిల్లలతో సముద్రం దాటడం కొత్త కాదు. 1860 నుండి మద్రాసు ఓడల్లో నేటాల్ వెళ్లిన కూలీలలో మనవారు ఎందరో ఉన్నారు. వారి మధ్య పరిచర్యకు నెల్లూరు నుండి జాన్ రంగయ్య గారు 1903లో వెళ్లారు. దేశం కాని దేశంలో సంఘమే వారికి బంధువర్గమైంది. మీరు వెళ్లే ఊళ్లో తెలుగు సంఘం ఉందేమో ముందే వాకబు చేయండి. ఇల్లు చూసిపెట్టే కన్ను, బడి గురించి నిజం చెప్పే నోరు అక్కడ దొరుకుతాయి.

యాకోబు స్వదేశానికి తిరిగి వస్తుండగా ఏశావు ఎదురొచ్చి కలిసి నడుద్దామన్నాడు. పిల్లలు పసివారు, పశువులు పాలిచ్చేవి, ఒక్కరోజు వడిగా తోలినా మంద చచ్చిపోతుంది, నేను వాటి నడకను బట్టి మెల్లగా వస్తానని యాకోబు చెప్పాడు. కుటుంబంతో ప్రయాణం కట్టేవారికి అంతకంటే మంచి సలహా మా దగ్గర లేదు. ఉద్యోగం ఇచ్చినవారు చేరే తేదీ చెబుతారు. ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచే ప్రాణి ఎవరో చూసి, బయలుదేరే తేదీ మీరు నిర్ణయించుకోండి.