ఇంటిని లాగే బండి: అసలు బరువెంత?

అమెరికా, కెనడా దేశాలలో వేసవి సెలవులు వచ్చాయంటే పెద్ద రోడ్ల మీద ఒక తమాషా చూడవచ్చు. ముందు ఒక పికప్ ట్రక్కు పోతూ ఉంటుంది. దాని వెనకనే ఒక ఇల్లు పోతూ ఉంటుంది! ఇల్లంటే నిజంగా ఇల్లే. అందులో పడకగది ఉన్నది, వంటగది ఉన్నది, స్నానాల గది ఉన్నది. కుటుంబమంతా ట్రక్కులో కూర్చుని, తమ ఇంటిని వెంట లాక్కుంటూ కొండలూ, అడవులూ, సరస్సులూ చూడటానికి బయలుదేరుతారు. రాత్రి అయితే ఎక్కడో ఒకచోట ఆగి, ఆ ఇంట్లోనే వండుకు తిని పడుకుంటారు.

ఈ చక్రాల ఇళ్ళలో పెద్దవాటికి ‘ఫిఫ్త్ వీల్ ట్రైలరు’ అని పేరు. అంటే అయిదో చక్రపు ట్రైలరు. ఆ పేరు విని మీరు చక్రాలు లెక్కపెట్టబోతే అయిదో చక్రం ఎక్కడా కనబడదు! ఈ పేరు గుర్రపుబగ్గీల కాలం నాటిది. నాలుగు చక్రాల బగ్గీ మలుపు తిరగాలంటే ముందు ఇరుసు పక్కకు తిరగాలి. అందుకని ఆ ఇరుసు మీద ఒక ఇనుపచక్రాన్ని పళ్ళెం లాగా పడుకోబెట్టి అమర్చేవారు. నేల మీద దొర్లే చక్రాలు నాలుగు, పడుకుని ఉన్నది అయిదోది. బగ్గీలు పోయినా పేరు మిగిలింది.

ఇప్పుడు ట్రక్కు వెనకభాగంలో, వెనక ఇరుసుకు దాదాపు సరిగ్గా పైన, ఒక దళసరి ఉక్కుపలక ఉంటుంది. ట్రైలరు ముందుభాగం నుంచి ఒక లావుపాటి ఉక్కుమేకు కిందికి దిగి ఆ పలకలో చిక్కుకుంటుంది. ఆ మేకును ‘కింగ్‌పిన్’ అంటారు. ట్రైలరు తన బరువులో కొంత తన చక్రాల మీద మోస్తుంది, మిగతాది ఆ మేకు ద్వారా ట్రక్కు వీపు మీద మోపుతుంది. 1914లో డెట్రాయిట్ నగరంలో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవను ఫోర్డు కారు వెనక తగిలించి లాగటానికి ఇటువంటి బండి ఒకటి తయారుచేశాడు. దానికి ‘సెమీ ట్రైలరు’ అని పేరు పెట్టాడు. ఈనాడు మన రోడ్ల మీద కంటెయినర్లు మోసే పొడుగాటి లారీలు కూడా ఆ జాతివే.

మన ఎద్దుబండిని గమనించిన వారికి ఇది సులభంగా అర్థమవుతుంది. బస్తాలన్నీ ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడలను కుంగదీస్తుంది. అన్నీ వెనక్కు పేరిస్తే కాడి పైకి లేచిపోయి మెడతాళ్ళు బిగుసుకుంటాయి. అందుచేత తెలిసిన బండివాడు బస్తాలను ముందుకూ వెనక్కూ సర్ది, ఎద్దుల మెడ మీద తగినంత బరువు మాత్రమే పడేలా చూస్తాడు. ట్రైలరుకు కింగ్‌పిన్ కాడి వంటిది. ట్రక్కు ఎద్దుల జత వంటిది. మామూలుగా ఫిఫ్త్ వీల్ ట్రైలరు బరువులో అయిదో వంతు మొదలు నాలుగో వంతు వరకు ట్రక్కు మీద పడుతుంది.

ఇక్కడనే ఒక పెద్ద చిక్కు ఉన్నది. లాగటం వేరు, మోయటం వేరు. ధాన్యం బస్తాను నేల మీద ఈడ్చగలిగిన కుర్రవాడు దాన్ని నెత్తికెత్తుకోగలడా? ట్రక్కు సంగతీ అంతే. ట్రక్కులు అమ్మేవారు, “మా బండి ఇన్నివేల కిలోలు లాగుతుంది!” అని ప్రకటిస్తారు. అది ఇంజను బలం. కాని వీపు మీద మోయగలిగినది అందులో చాలా కొద్ది భాగం. ఆ సంగతి పెద్ద అక్షరాల ప్రకటనలో ఉండదు. డ్రైవరు తలుపు తెరిస్తే, అక్కడి చట్రం మీద అంటించిన చిన్న చీటీలో ఉంటుంది. మనుషులూ, సామానూ కలిసి ఇంత బరువుకు మించరాదు అని దానిలో రాసి ఉంటుంది.

మనం ఒక లెక్క కట్టి చూద్దాం. అమెరికాలో బరువులను పౌన్లలో చెబుతారు. ఒక పౌను సుమారు 454 గ్రాములు. మనం మాత్రం కిలోలలోనే లెక్క వేద్దాం.

ఒక కుటుంబానికి ఒక ట్రక్కు ఉన్నదనుకోండి. ఖాళీ ట్రక్కు బరువు 3,300 కిలోలు. అన్నీ కలిపి అది 4,500 కిలోలకు మించకూడదు. అంటే అది మోయదగినది 1,200 కిలోలు. లాగదగినది 6,400 కిలోలు. వాళ్ళు ఒక ట్రైలరు కొనబోయారు. దాని బరువు 4,200 కిలోలని కాగితంలో ఉన్నది.

తండ్రి లెక్క వేశాడు. ట్రైలరు బరువులో అయిదో వంతు 840 కిలోలు. ట్రక్కులో బిగించే ఉక్కుపలక, దాని సరంజామా 70 కిలోలు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, కారులో తినటానికి పెట్టుకున్న బుట్ట అంతా కలిసి 280 కిలోలు. మొత్తం 1,190 కిలోలు. ట్రక్కు 1,200 మోస్తుంది గదా! ఇంకా 10 కిలోలు మిగిలాయి. ట్రైలరు కొనేశారు.

తండ్రి కూడికలో తప్పు లేదు. కాని అతను కూడినది ఖాళీ ట్రైలరు బరువు. కాగితంలో ఉన్న 4,200 కిలోలు ఎవ్వరూ కాపురం పెట్టని ఇంటి బరువు. కాపురం పెట్టగానే ఏమయింది? నీళ్ళ తొట్టి నింపారు. అందులో 200 లీటర్లు పట్టాయి. లీటరు నీరు కిలో తూగుతుంది గనక అదే 200 కిలోలయింది. తరవాత గ్యాసు సిలిండర్లు వచ్చాయి. అదనంగా బిగించిన బ్యాటరీలు వచ్చాయి. గిన్నెలు, పళ్ళేలు, బియ్యం, పప్పులు, దుప్పట్లు, బట్టలు, సైకిళ్ళు, మడత కుర్చీలు, పనిముట్ల పెట్టె, కరెంటు తయారుచేసే చిన్న యంత్రం, పిల్లల పుస్తకాలు, ఆటవస్తువులు! ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిసి 1,300 కిలోలయ్యాయి. కాని తూచి చూడనిదే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

తూచటానికి అక్కడ మంచి ఏర్పాటు ఉన్నది. మన ఊళ్ళలో ధాన్యం లారీలను, చెరుకు బండ్లను కాటా మీదికి ఎక్కించి తూచటం మీరు చూసే ఉంటారు. అమెరికాలో లారీలు ఆగే పెద్ద మజిలీలలో అలాంటి కాటాలే ఉంటాయి. వాటిలో పేరుపొందిన ‘క్యాట్ స్కేల్’ కాటాల సంస్థ 1977లో ప్రారంభమయింది. ఈ కాటాలో ఒకే పెద్ద పలక కాకుండా, వరసగా కొన్ని పలకలు ఉంటాయి. ట్రక్కు ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలరు చక్రాలు మూడో పలక మీద వచ్చేలా బండిని నిలుపుతారు. అప్పుడు ఏ ఇరుసు మీద ఎంత బరువున్నదీ విడివిడిగా తెలుస్తుంది. కొద్ది సొమ్ము తీసుకుని ఆ అంకెలన్నీ అచ్చువేసిన చీటీ ఇస్తారు.

మన కుటుంబం కూడా కాటాకు వెళ్ళింది. ప్రయాణానికి ఎలా బయలుదేరుతారో సరిగా అలాగే వెళ్ళారు. ట్రక్కు నిండా ఆయిలు, తొట్టి నిండా నీళ్ళు, మనుషులు నలుగురూ తమ తమ చోట్ల. ట్రైలరుతో సహా తూచారు. చీటీలో ఇలా ఉన్నది:

ట్రక్కు ముందు ఇరుసు: 2,000 కిలోలు.
ట్రక్కు వెనక ఇరుసు: 2,750 కిలోలు.
ట్రైలరు ఇరుసులు: 4,400 కిలోలు.
మొత్తం: 9,150 కిలోలు.

తరవాత ట్రైలరును విప్పి ఒక పక్కన నిలిపి, ట్రక్కును ఒక్కదాన్నే మళ్ళీ కాటా ఎక్కించారు. అందులో మనుషులు, ఉక్కుపలక అలాగే ఉన్నాయి. ఈసారి ట్రక్కు 3,650 కిలోలు తూగింది.

ఈ రెండు చీటీలతో ఎన్ని రహస్యాలు బయటపడతాయో చూడండి. ట్రైలరు తగిలించినప్పుడు ట్రక్కు రెండు ఇరుసులూ కలిసి 4,750 కిలోలు. విప్పిన తరవాత 3,650. తేడా 1,100. అదే కింగ్‌పిన్ మీద పడే బరువు! దానికి ట్రైలరు ఇరుసుల మీది 4,400 కలిపితే 5,500. అదే ట్రైలరు అసలు బరువు. 1,100 అందులో సరిగా అయిదో వంతు. కాగితంలోని 4,200కూ కాటా చెప్పిన 5,500కూ ఎంత దూరమో!

లాగే బలం సంగతి చూస్తే భయం లేదు. 6,400 లాగగల ట్రక్కుకు 5,500 ఒక లెక్క కాదు. కాని ఆ ట్రక్కు మొత్తం బరువు 4,500 దాటరాదు. ఇప్పుడు 4,750 ఉన్నది. అంటే 250 కిలోలు ఎక్కువ మోస్తున్నది. చల్లగా లాగుతున్నది గనక డ్రైవరుకు ఆ మాట తెలియనే తెలియదు.

250 కిలోలు ఎక్కువయితే ఏమవుతుంది? బయలుదేరిన రోజున ఏమీ కాకపోవచ్చు. కాని ప్రతి టైరు మీదా, అది ఎంత గాలితో ఎంత బరువు మోయగలదో అచ్చువేసి ఉంటుంది. అంతకు మించితే టైరు దొర్లినప్పుడల్లా ఎక్కువగా నలుగుతుంది. నలిగిన రబ్బరు వేడెక్కుతుంది. ఎండలో, వేగంలో, ఆ వేడి పెరిగి పెరిగి టైరు పేలవచ్చు.

బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. పరుగెత్తే బండిని ఆపటమంటే దాని చలనశక్తిని వేడిగా మార్చటమే. బరువు రెట్టింపయితే ఆ శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది. కొలరాడో రాష్ట్రంలో డెన్వరు నగరానికి పడమరగా రాకీ పర్వతాలలో ఐసన్‌హోవర్ సొరంగం ఉన్నది. అది సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుంచి రోడ్డు మైళ్ళ తరబడి దిగుడే. ఆ దారి పక్కన అక్కడక్కడా, వదులు కంకర దళసరిగా పరిచిన బాటలు కనిపిస్తాయి. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన లారీలు వాటిలోకి దూరితే చక్రాలు కంకరలో కూరుకుపోయి బండి ఆగుతుంది. ఎవరో ఒకరికి అవసరం పడుతుందనే గదా అన్ని డబ్బులు పోసి వాటిని కట్టారు! అందుకని తెలిసిన డ్రైవరు దిగుడు మొదలు కాకముందే వేగం తగ్గించి, కింది గేరు వేసుకుని, బ్రేకుకు విశ్రాంతి ఇస్తూ దిగుతాడు. అయినా, మోయరాని బరువుతో దిగటం కంటె, ఆ బరువును ఇంటి దగ్గరే దింపి రావటం మేలు.

మరి మన కుటుంబం ఏం చేయాలి? సామాను అంతా ట్రైలరు వెనక్కు నెట్టేస్తే ట్రక్కు మీద భారం తగ్గుతుంది. కాని వెనక్కు పేర్చిన ఎద్దుబండి సంగతి మరచిపోకండి. మేకు మీద బరువు మరీ తగ్గితే ట్రైలరు నిలకడ చెడుతుంది. అక్కరలేని సామాను తీసివేయవచ్చు. నీళ్ళు ఇంటి దగ్గర నింపకుండా దిగిన చోట నింపుకోవచ్చు. ఇవి చేసి మళ్ళీ కాటా ఎక్కించాలి. అప్పటికీ లెక్క కుదరకపోతే, చిన్న ట్రైలరో, పెద్ద ట్రక్కో తీసుకోక తప్పదు. కొనక ముందే కాటాకు వెళ్ళిన వాళ్ళను తీసుకువెళ్ళి అడిగి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

బరువు జరిగితే భారం ఎలా మారుతుందో మీరు ఇంట్లోనే చూడవచ్చు. వంటింట్లో గ్రాములు చూపే చిన్న త్రాసు ఉంటే, ఒక పొడుగాటి స్కేలు ఒక కొసను దాని మీద ఉంచండి. రెండో కొస కింద, అదే ఎత్తుకు వచ్చేలా పుస్తకాలు పేర్చి వాటి మీద ఒక పెన్సిలు పెట్టండి. ఇప్పుడు స్కేలు మధ్యన ఒక రబ్బరు ముక్కో, చిన్న సీసానో ఉంచి అంకె రాసుకోండి. దాన్ని త్రాసు వైపుకు జరపండి. అంకె పెరుగుతుంది. పెన్సిలు వైపుకు జరపండి. తగ్గుతుంది. సీసా బరువు మారలేదు, భారం పడే చోటు మారింది. త్రాసు మన ట్రక్కు, పెన్సిలు ట్రైలరు చక్రాలు.

ఈసారి రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని చూసినప్పుడు దాని పక్కన రాసిన అంకెలు చదవండి. ఖాళీ బరువు ఒకటి, సామానుతో కలిపి ఉండదగిన బరువు ఒకటి ఉంటాయి. పెద్దదానిలో నుంచి చిన్నదాన్ని తీసివేస్తే, ఆ లారీ ఎన్ని కిలోలు మోయవచ్చునో మీకే తెలుస్తుంది. అంతే మోస్తున్నదా లేదా అన్నది మాత్రం కాటా ఎక్కితేనే తెలుస్తుంది.