మూడు ప్రయత్నములు: బరువులెత్తు పోటీ నుండి నారు వ్యాపారమునకు ఒక లెక్క



కూరగాయలు పండించువారిలో అనేకులు ఇప్పుడు నారుమడి పోసికొనుట మాని, ట్రేలలో పెంచిన నారును కొని నాటుచున్నారు. సంకర రకముల విత్తనము ఖరీదైనది. మడిలో చల్లిన దానిలో కొంత నారుకుళ్ళు తెగులుకు, కొంత చీమలకు పోవును. ట్రేలో ఐతే గింజకొక గది. అందుచేత కొద్దిపాటి స్థలము, మంచి నీటి వసతి గల చిన్న రైతు ఈ నారు పెంపకమును ఉపవృత్తిగా చేపట్టుటకు అవకాశమున్నది. ఐనను మొదలుపెట్టినవారిలో కొందరు రెండవ ఏటికే షెడ్డు విప్పి ఇనుమును అమ్ముకొనుటను నేను చూచితిని. వారికి నారు పెంచుట రాక కాదు. ఎంతతో మొదలుపెట్టవలెను, ఎప్పుడు పెంచవలెను, దెబ్బ తగిలినప్పుడు ఎట్లు నిలువవలెను అను సంగతులు తెలియకనే. ఈ సంగతులు నాకు వ్యవసాయ కళాశాలలో ఎవరును చెప్పలేదు. చదువుకొను రోజులలో సాయంకాలములందు బరువులెత్తు శాలకు పోవుచుండెడివాడను, అక్కడ నేర్చుకొంటిని. నేర్చుకొనియు, అవసరమైన వేళ మరచితిని. ఆ కథ ముందు చెప్పెదను.

మన ఉత్తరాంధ్రలో ఈ ఆటకు మంచి పేరున్నది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన శ్రీమతి కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేతగా నిలిచి, 2000 సంవత్సరము సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు 69 కిలోల తరగతిలో కాంస్య పతకము గెలిచినారు. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ వారే. స్త్రీలకు ఈ పోటీని ఒలింపిక్ క్రీడలలో మొదట చేర్చినదియు ఆ సంవత్సరముననే.

ఈ పోటీ నియమములను తెలిసికొన్నచో వ్యాపారపు లెక్క సగము తెలిసినట్లే. ఇందులో రెండు విధములైన ఎత్తుట కలదు. బరువును ఒక్క ఊపున తలపైకి ఎత్తుట మొదటిది. దీనిని స్నాచ్ అందురు. మొదట భుజములపైకి తెచ్చి, అక్కడ నుండి తలపైకి నెట్టుట రెండవది. ఇది క్లీన్ అండ్ జర్క్. ఒక్కొక్క దానికి మూడు ప్రయత్నములు మాత్రమే ఇత్తురు. రెండింటిలోని మంచి బరువులను కలిపి మొత్తము కట్టుదురు. మొదటి విధములో మూడు ప్రయత్నములును పోయినచో, రెండవ దానిలో ఎంత ఎత్తగలవాడైనను మొత్తము లేనట్లే. మరొక నియమము: ఒకసారి అడిగిన బరువు ఎత్తలేకపోయినచో దానినే మరల ఎత్తవచ్చును, లేదా ఇంకను పెంచుకొనవచ్చును, తగ్గించుకొనుటకు మాత్రము వీలులేదు. పేరు పిలిచిన తరువాత నిముషము గడువు. ఆ నిముషములో ధైర్యము తెచ్చుకొందమన్న రాదు. అది నెలల తరబడి సాధనలో కూడబెట్టుకొని తేవలసినదే.

నారు పెంచుట ఒక ఎత్తు, దానిని అమ్ముట మరొక ఎత్తు. ఈ మాట మన వాడుకలో ఉన్నదే గాని, బరువులెత్తు శాలలో నిలుచున్నప్పుడు దాని అర్థము బాగుగా తెలిసివచ్చును. మొదటి దానిలో ఎంత నేర్పరియైనను రెండవ దానిలో సున్న వచ్చినచో మొత్తము సున్నయే.

ఇక సిడ్నీలో జరిగినది చూడుడు. మల్లీశ్వరిగారు స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తి 240 కిలోల మొత్తము సాధించినారు. చివరి ప్రయత్నమునకు 137.5 కిలోలు పెట్టించుకొనిరి. అది లేచియుండినచో మొత్తము 247.5 అయి బంగారు పతకము వచ్చియుండెడిది. లేవలేదు. చైనా, హంగేరీ దేశముల క్రీడాకారిణులు ఇద్దరును 242.5 కిలోల వద్ద నిలిచిరి. వారిలో శరీరపు బరువు తక్కువయైన చైనా ఆమెకు బంగారు పతకము దక్కెను. ఒక్కసారిగా ఏడున్నర కిలోలు పెంచుట మంచిదా కాదా అని ఆటను ఎరిగినవారు వాదించుకొందురు. నేను మీ దృష్టికి తెచ్చునది వేరొకటి. ఆ 137.5 పోయినను, ముందు ఎత్తిన 130 ఎక్కడికిని పోలేదు. పతకము చేతికి వచ్చెను. తొలి ప్రయత్నముననే 137.5 పెట్టించుకొనియుండినచో, అది లేవకపోయిన పిమ్మట తగ్గించుకొను దారి లేదు.

మా అన్నయు నేనును చేసినది సరిగా అదే.

ఆరేండ్ల క్రిందట మా స్వగ్రామములో నీడ వల షెడ్డు వేసితిమి. లెక్క వేసి ఇచ్చినది నేనే. టమాటాను వరుసల మధ్య 90, మొక్కల మధ్య 60 సెంటీమీటర్లు ఎడముగా నాటినచో ఎకరమునకు సుమారు 7,400 మొక్కలు పట్టును. 98 గదుల ట్రేలు 1,500 పెట్టినచో 1,47,000 గదులు. అనగా రమారమి ఇరువది ఎకరములకు నారు. కాగితము మీద లాభము చక్కగా కనిపించినది. దగ్గరి పట్టణములోని ఒక వర్తకుడు "ఎంత నారైనను నేనమ్మించెదను" అని నోటిమాట ఇచ్చెను. చేతిలో పైకము చాలనందున మా వదినగారు తమ గాజులు కుదువ పెట్టుటకు తీసి ఇచ్చిరి. అప్పుడు మా నాన్నగారు నన్ను ఒక ప్రశ్న అడిగిరి: "ఒరేయ్, వానలు వెనుకబడితే ఈ మొక్కలను ఎవరి ఇంట పెట్టుదువు?" నేను నవ్వి ఊరుకొంటిని. స్నాతకోత్తర పట్టా పుచ్చుకొన్నవాడను గదా.

ఆ ఏడు వానలు వెనుకబడినవి. టమాటా నారు 25 నుండి 30 రోజులలో నాటుటకు సిద్ధమగును. 45 రోజులకు మా నారు సన్నగా, పొడవుగా సాగి, వేళ్ళు గదిలో చుట్టుకొనిపోయెను. అట్టి నారును ఎవరును కొనరు, కొనుటయు తగదు. వర్తకుడు ముఖము చాటువేసెను. ఆయనను తప్పు పట్టి లాభము లేదు. నోటిమాటను నమ్మినది మేము. 1,500 ట్రేలలో 400 అమ్ముడుపోయినవి. తక్కిన 1,100 ట్రేల నారును కంపోస్టు గుంటలో వేసితిమి. నారు పెంచుటలో తప్పు లేదు, మొక్క కూడ బాగుగానే మొలచినది. పోయినది రెండవ ఎత్తు.

తరువాత రెండు మాసములు మా అన్న షెడ్డు వైపు పోలేదు. నేను సెలవులకు పోయినప్పుడెల్ల ఉత్సాహపు మాటలు చెప్పుచుంటిని. అట్టి మాటల వలన ఆయనకు కోపము వచ్చుటయే గాని పని కాలేదు. ఒకనాడు బరువులెత్తు శాలలో మా గురువుగారు చేసిన పద్ధతి జ్ఞప్తికి వచ్చెను. దెబ్బ తగిలి విరామము తీసికొన్నవాడు మరల వచ్చినప్పుడు, వారు వానిచేత పాత బరువును ఎత్తించెడివారు కారు. బరువు బిళ్ళలు లేని ఉత్త కడ్డీ ఇచ్చి, "రోజూ ఈ వేళకు వచ్చి దీనిని ఎత్తి పో" అనెడివారు. ఉత్సాహము కలిగిన తరువాత వచ్చుట కాదు. వచ్చుచుండగా ఉత్సాహము కలుగును. నేను అన్నతో, "రోజుకు ఇరువది ట్రేలు కడిగి ఎండబెట్టుము, అంతకంటె ఏమియు వలదు" అంటిని. చిరాకు పడుచునే కడిగినాడు. 1,500 ట్రేలు కడుగుటకు రెండున్నర నెలలు పట్టినది. ఆ పని ముగియుసరికి, తరువాతి పంటకు ఏ రకపు విత్తనము తెప్పించవలెనో తానే నన్ను అడుగుచుండెను.

రెండవసారి మేము 150 ట్రేలతో మొదలుపెట్టితిమి. ఈ అంకె ఎట్లు వచ్చినదో చెప్పవలెను. తొలి ప్రయత్నపు బరువును ఎన్నుకొనునప్పుడు, ఒంట్లో బాగుగా లేని రోజున కూడ సాధనలో ఎత్తగలిగినంత పెట్టించుకొనవలెనని మాకు నేర్పిరి. వ్యాపారములో దాని అర్థము, ఒక్క మొక్కయు అమ్ముడుపోకున్నను ఇల్లు గడచునంత. మేము ఆ కొలత ప్రకారమే చూచుకొంటిమి. పైగా 150 ట్రేలను ఒకేసారి విత్తలేదు. వారమునకు 50 చొప్పున మూడు దఫాలుగా విత్తితిమి. వాన వెనుకబడినచో ఒక దఫా ముదురునే గాని అన్నియు ముదరవు. పైకము కొంత బయానాగా ఇచ్చిన రైతులకే విత్తితిమి. బయానా అడుగుటకు మా అన్న మొదట మొగమాటపడెను. కాని బయానా ఇచ్చిన రైతు తన పొలము దున్ని సిద్ధము చేసికొనును. అది ఇచ్చువానికిని మంచిదే.

పెంపకములో మేము పాటించు పద్ధతిని క్లుప్తముగా వ్రాయుచున్నాను. బాగుగా కుళ్ళిన కొబ్బరి పొట్టును తడిపి గదులలో నింపి, అర సెంటీమీటరు లోతున గదికొక గింజ వేయవలెను. ట్రేలను ఒకదానిపై నొకటి పేర్చి పాలిథీన్ పట్టాతో కప్పి ఉంచి, మొలక కనబడగనే విడదీసి పరచవలెను. టమాటాకు ఇది నాలుగైదు రోజులు, మిరపకు వారము వరకు పట్టును. ఒకరోజు ఆలస్యమైనను మొలకలు పాలిపోయి సాగిపోవును గనుక ఉదయము, సాయంత్రము ఎత్తి చూడవలెను. షెడ్డు చుట్టును 40 మెష్ కీటక నిరోధక వల కట్టుట తప్పనిసరి. తెల్లదోమ దూరినచో ఆకుముడుత వైరస్ నారుతోబాటు కొన్నవాని పొలమునకు పోవును. పండ్రెండవ రోజున ఒకసారి, ఇరువదవ రోజున ఒకసారి, నీటిలో కరుగు 19:19:19 ఎరువును లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి పిచికారి చేయుదుము. నాటుటకు నాలుగైదు రోజుల ముందు నీరు తగ్గించి, మొక్కను ఎండకు అలవాటు చేయవలెను. మిరప నారుకు 35 నుండి 40 రోజులు పట్టును గనుక దాని బయానా ఆ లెక్కను ముందుగా తీసికొనవలెను. అమ్మకమునకు నారు పెంచువారు మీ ఉద్యానశాఖ అధికారిని కలిసి లైసెన్సు సంగతి మొదటనే తేల్చుకొనుడు.

బరువులెత్తువారు నాటి సాధన నాడే పుస్తకములో వ్రాసికొందురు: ఏ బరువు, ఎన్నిసార్లు, ఏది పోయినది. పొరుగువాని కడ్డీ మీది బరువు అందులో ఉండదు. మా అన్న పుస్తకమును నేను చూచినప్పుడు మొదట ఆదాయ వ్యయములు మాత్రమే ఉండెను. అవి చాలవు. ఏ తేదీన విత్తినది, ఎన్ని గదులు ఖాళీ పోయినవి, ఎన్నవ రోజున ఎవరు తీసికొనిపోయిరి, నాటిన పది రోజులకు ఎన్ని మొక్కలు బ్రతికియున్నవని కొన్నవారు చెప్పిరి, ఇవన్నియు వ్రాయవలెను. చివరిది వ్రాయుటకు కొన్నవారి పొలమునకు పోవలసివచ్చును. మా అన్నకు మరుసటి పంటకు వచ్చిన బయానాలలో సగము ఆ పొలముల గట్ల మీద వచ్చినవే.

ఇంకొక సంగతి. 2014 సంవత్సరము గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడలలో విజయనగరం జిల్లాకు చెందిన మత్స సంతోషి 53 కిలోల తరగతిలో మూడవ స్థానము పొందినది. ప్రథమ స్థానము వచ్చిన నైజీరియా బాలిక నిషిద్ధ పదార్థము వాడినట్లు పరీక్షలో తేలగా ఆమె పతకము తీసివేయబడి, సంతోషికి రజతము దక్కెను. నారు వ్యాపారములో పరీక్షకు ఎవరును రారని కొందరు అనుకొందురు. చౌక రకపు విత్తనము వేసి, పేరున్న రకమని ట్రే అమ్మినచో కాయ పడిన రోజున బయటపడును. అప్పటికి డబ్బు ఖర్చయిపోయి ఉండును. ఆ ఊరిలో మరల ట్రే అమ్ముట సాధ్యము కాదు. విత్తన పొట్లమును, బిల్లును దాచియుంచి, కొన్నవారికి రకము పేరు, విత్తిన తేదీ చీటీ మీద వ్రాసి ఇచ్చుట మా అన్నకు అలవాటు.

బరువు ఎప్పుడు పెంచవలెనను ప్రశ్న తరచుగా అడుగుచుందురు. శాలలో ఒక బరువు వరుసగా కొన్ని వారములు తడబడకుండ లేచిన తరువాతనే బిళ్ళ వేయుదురు. అదియు చిన్న బిళ్ళ. మేము 150 ట్రేలను రెండు పంటలు వరుసగా పూర్తిగా అమ్మిన తరువాత 220 చేసితిమి. ఆ పిమ్మట 300. మూడవ సంవత్సరము వంగ నారు కూడ చేర్చితిమి గాని, మా ప్రాంతములో దానికి అడుగువారు తక్కువైనందున మానివేసితిమి. పంటకు పంటకు మధ్య షెడ్డును పది పదిహేను రోజులు ఖాళీగా ఉంచి, ట్రేలు శుభ్రపరచి, వల చిరుగులు కుట్టుదుము. ఖాళీగా ఉంచుట నష్టమని మొదట అనుకొన్నవారమే. విశ్రాంతి రోజున కండ పెరుగునని గురువుగారు చెప్పినప్పుడు కూడ నేను నమ్మలేదు.

మా వదినగారి గాజులు నాలుగవ ఏట ఇంటికి వచ్చినవి. 1,500 ట్రేలలో నేటికిని 600 మాత్రమే వాడుకలో ఉన్నవి. తక్కినవి కడిగినవి కడిగినట్లే అటక మీద ఉన్నవి. నిరుడు సంక్రాంతికి పోయినప్పుడు, "అన్నా, అవికూడ దింపుదమా?" అని అడిగితిని. ఆయన పుస్తకము తెరచి, వచ్చిన బయానాలు ఎంచి చూచి, "ఈసారి నలభై దింపుదములే" అన్నాడు.