గేటు తెరిచిన తేదీ, ఇంటివారు కదలదగిన తేదీ

కుర్తాళం అనగానే తెలుగు పాఠకులకు మౌనస్వామి స్థాపించిన సిద్ధేశ్వరీ పీఠం స్ఫురిస్తుంది. రాజపాళయం తెలుగువారికి మాత్రం అది ముందుగా జలపాతం, ఆ తరువాతే పీఠం. విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదాన ఉన్న ఈ మిల్లుల పట్టణంలో, విజయనగర కాలం నాడు దక్షిణానికి తరలివచ్చారని చెప్పుకునే రాజుల కుటుంబాలు నేటికీ ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ నివసిస్తున్నాయి. కరోనాకు పూర్వం ఈ ఊరివారి సెలవులకు ఒక క్రమం ఉండేది. వేసవిలో పిల్లల పోరు పడలేక మదురై చెంత పరవైలోని ‘అతిశయం’ వినోద పార్కుకు వెళ్లేవారు. కాస్త ఖర్చుకు ఓర్చగలవారు కనుమ దాటి కొచ్చిలోని వండర్‌లాకు పోయేవారు. 2000లో వీగాలాండ్ పేరుతో ఆరంభమైన పార్కు అదే. జూన్‌లో నైరుతి గాలి కనుమ దాటివచ్చి ‘సారల్’ అనే చిరుజల్లు మొదలైతే చాలు, అన్నదమ్ముల పిల్లలందరూ ఒకే వ్యానులో కుర్తాళం చేరేవారు.

2020 మార్చిలో ఈ దారులన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. మూసివేతను గురించి అప్పట్లో చాలామంది రాశారు. మళ్లీ ఎప్పుడు వెళ్లాలన్నది అంతకంటె చిక్కు ప్రశ్న. మూయడం ప్రభుత్వం చేసిన పని. తిరిగి వెళ్లడం మాత్రం ప్రతి ఇంటివారూ తమకు తామై నిర్ణయించుకోవలసి వచ్చింది. అందుకు లెక్క ఎలా వేసుకోవాలో చెప్పినవారు తక్కువ.

ముందుగా తేదీలు చూడాలి. వినోద పార్కులను 2020 అక్టోబరు 15 నుండి తెరవవచ్చునని కేంద్రం అనుమతించింది. తమిళనాడు ప్రభుత్వం నవంబరు 10ని నిర్ణయించింది. కుర్తాళం జలపాతాలలో స్నానానికి డిసెంబరు 15న అనుమతి లభించింది. సారల్ కాలం ముగిసిన ఎన్నో వారాలకు గేటు తెరుచుకున్నదన్నమాట. 2021 ఏప్రిల్‌లో అది మళ్లీ మూతపడి, ఆ ఏడాది డిసెంబరు 20న గాని తెరుచుకోలేదు. ఆ విధంగా వరుసగా రెండు సీజన్లు నీటి పాలు కాక, నీరే చూడని జనం పాలయ్యాయి. కుర్తాళం అంగళ్లవారికి, వ్యాను డ్రైవర్లకు, అరటిచిప్సు వేయించేవారికి ఆ రెండేళ్లూ ఎలా గడిచాయో చెప్పనక్కరలేదు.

ఇక వ్యాధి లెక్క. తమిళనాడులో మొదటి ఉధృతి 2020 జూలై చివర రోజుకు సుమారు 7 వేల కేసులకు చేరింది. 2021 ఫిబ్రవరి నాటికి అది రోజుకు 500 లోపునకు దిగింది. పార్కులు తెరిచే ఉన్నాయి, పెళ్లిళ్లు జోరుగా జరుగుతున్నాయి, ఎన్నికల సభలు కిటకిటలాడుతున్నాయి. పీడ వదిలిందని నమ్మడానికి అంతకంటె అనువైన నెల లేదు. మూడు నెలలు తిరగకుండానే, మే 21న, అదే రాష్ట్రంలో ఒక్కరోజు కేసులు 36 వేలు దాటాయి. గేటు తెరవడం అబద్ధం కాదు, ఫిబ్రవరి అంకె కూడా అబద్ధం కాదు. ఆ రెంటినీ కలిపి ‘అయిపోయింది’ అని చదువుకోవడంలోనే పొరపాటు ఉంది. నిజానికి ఇది కొత్త పాఠమూ కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో వేసవి నాటి తొలి అల తేలికగా పోయింది. కోటికి పైగా భారతీయులను బలిగొన్న ఆ వ్యాధి అసలు ఉగ్రరూపం దాల్చింది శరదృతువులో వచ్చిన రెండవ అలలోనే.

మరి ప్రభుత్వం తెరిచిందంటే అర్థమేమిటి? ప్రభుత్వం ఆసుపత్రుల పడకలు, పన్నులు, ఉపాధి అన్నింటినీ తూచి ఒక తేదీ చెబుతుంది. అది మొత్తం సమాజానికి వేసిన సగటు. ఒక ఇంట్లో ఎనభై ఏళ్ల అవ్వ ఉన్నదో, మధుమేహం ఉన్న తండ్రి ఉన్నాడో ఆ సగటుకు తెలియదు. ఒకే యజమాని కింద ఉన్న పార్కుల తేదీలే ఎంత తేడాగా ఉన్నాయో చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. డిస్నీ సంస్థ పార్కులలో షాంఘైది 2020 మే 11న, అమెరికాలో ఫ్లోరిడాది జూలై 11న, కాలిఫోర్నియాది 2021 ఏప్రిల్ 30న తిరిగి తెరుచుకున్నాయి. వైరస్ ఒకటే, ఆట యంత్రాలూ దాదాపు అవే. తేదీలను తేల్చింది ఆయా ప్రభుత్వాల తూకం. అందరికంటె ముందు తెరిచిన షాంఘైలోనే, 2021 అక్టోబరు 31న, అంతకుముందు వచ్చిపోయిన ఒక సందర్శకురాలికి వ్యాధి ఉన్నట్లు తేలగా, లోపల ఉన్న సుమారు 34 వేల మందికి పరీక్ష చేసిన తరువాతే బయటకు వదిలారు. ఆటకు వెళ్లిన పిల్లలు ఆ రాత్రి ముక్కులో పుల్ల పెట్టించుకుని ఇల్లు చేరారు.

కావున ఇంటి తేదీని ఇంట్లోనే లెక్కకట్టుకోవాలి. ఆ లెక్క ఇంట్లో అందరికంటె బలహీనుల నుండి మొదలు కావాలి. ఒక నమూనా ఇల్లు తీసుకుందాం. అవ్వ, పదహారేళ్ల కొడుకు, పదమూడేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల చిన్నవాడు ఉన్నారనుకుందాం. అవ్వ 2021 జూన్ 1న కోవిషీల్డ్ మొదటి మోతాదు వేయించుకుంటే, అప్పటి నియమం ప్రకారం కనీసం 12 వారాలు ఆగి ఆగస్టు 24న రెండవది వేయించుకోవాలి. రక్షణ కుదురుకోవడానికి మరో రెండు వారాలు కలిపితే సెప్టెంబరు 7 అవుతుంది. పదిహేనేళ్లు నిండిన పిల్లలకు టీకా 2022 జనవరి 3న మొదలైంది. నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు, ఆపై రెండు వారాలు కలిపి చూస్తే పెద్దవాడి తేదీ ఫిబ్రవరి 14. పన్నెండు దాటినవారికి మార్చి 16న మొదలైంది గనుక కూతురి తేదీ ఏప్రిల్ 27. చిన్నవాడికి టీకాయే లేదు. పన్నెండేళ్ల లోపువారికి దేశంలో ఆ కార్యక్రమం అమలు కాలేదు. ఈ నలుగురిలో అవ్వకు మాత్రమే సిద్ధమైన సెప్టెంబరు 7ను చూసి బయలుదేరిన ఇల్లు, కూతురి విషయంలో ఏడు నెలలకు పైగా ముందుగా కదిలినట్లే. నలుగురి తేదీలలో చివరిదే ఇంటి తేదీ. అప్పుడు కూడా చిన్నవాడి కోసం బయటి గాలి ఆడే చోటునే ఎంచుకోవాలి. పిల్లలలో వ్యాధి సాధారణంగా తేలికగా పోతుందన్నది ఊరట. వాడు తెచ్చే వైరస్ అవ్వ మంచం దాకా రాగలదన్నది హెచ్చరిక. టీకా ప్రాణాపాయాన్ని బాగా తగ్గించింది గాని, సోకడాన్ని పూర్తిగా ఆపలేదని 2022 జనవరిలో ఒమిక్రాన్ తెలియజేసింది. ఆ నెల 9, 16, 23 తేదీల ఆదివారాలు తమిళనాడు మళ్లీ పూర్తిగా తలుపులు మూసుకుంది.

ఇక చోటు సంగతి. జలక్రీడల కొలనులో పదిమంది మునిగితే రోగం నీటి ద్వారా అంటుకుంటుందన్న భయం చాలామందిలో ఉండేది. సరిగా క్లోరిన్ కలిపిన నీటి వల్ల కాదు ముప్పు. పక్కవారి ఊపిరి వల్ల. ఈ ఒక్క సంగతి తెలిస్తే పార్కు పటమే వేరుగా కనిపిస్తుంది. ఆకాశం కింద తిరిగే రంకులరాట్నం కంటె, దాని ముందు తక్కువ ఎత్తు రేకు కప్పు కింద ముప్పావు గంట నిలబడే వరుస ప్రమాదకరం. అలల కొలను కంటె బట్టలు మార్చుకునే గది, చీకటి గదిలో చూపే బొమ్మల ప్రదర్శన, ఏసీ భోజనశాల ప్రమాదకరం. గట్టిగా అరిచినప్పుడు నోటి నుండి తుంపరలు ఎక్కువగా వెలువడతాయి. అందుకే 2020లో జపాన్‌లో పార్కులు రోలర్ కోస్టర్ ఎక్కినవారిని అరవవద్దని, అరుపును గుండెలోనే దాచుకోమని కోరాయి. చక్కిలిగింత పెట్టి నవ్వవద్దనడం వంటిదే అది! కుర్తాళంలో గాలికి కొదువ లేదు. అయితే పెద్ద జలపాతం కింద ఒకరి భుజం ఒకరికి రాసుకుంటూ నిలబడే రద్దీలో ఆ మేలు కొంత కొట్టుకుపోతుంది. వారం నడుమ, తెల్లవారుజామున వెళ్లినవారికి అదే చోటు వేరు.

అన్నిటికంటె ఎక్కువగా మరచిపోయేది వ్యాను. పద్నాలుగు మంది, అద్దాలు బిగించి, ఏసీ వేసి, పాటలు పాడుకుంటూ రెండు గంటలు ప్రయాణిస్తారు. ఆ రోజంతటిలో ఒకరి ఊపిరి ఒకరు ఎక్కువగా పీల్చేది అక్కడే. నాలుగిళ్ల వారు కలిసి వెళ్తే నాలుగిళ్ల జ్వరాలూ కలిసి వెళ్తాయి. అద్దాలు దించితే సగం బాధ తీరుతుంది. ధూళి పడుతుందని అత్తగారు సణిగినా సరే.

సరిహద్దు కుటుంబాలకు ఇంకొక చిక్కు ఉంది. రాజపాళయం విరుదునగర్ జిల్లాలోది, కుర్తాళం తెన్‌కాశి జిల్లాలోది. 2020 ఆగస్టు నెలాఖరు వరకు ఈ కొద్ది దూరానికి కూడా ఈ-పాస్ కావలసి వచ్చింది. 2021 ఆగస్టు 5 నుండి కేరళ నుండి తమిళనాడులో ప్రవేశించేవారు ఆర్‌టీపీసీఆర్ పరీక్ష ఫలితం గాని, రెండు మోతాదుల ధ్రువపత్రం గాని చూపవలసి వచ్చింది. అంటే కొచ్చికి విహారానికి వెళ్లినవాడు తిరిగి సొంత రాష్ట్రానికి రావడానికే కాగితం చూపాలి. ఆంధ్ర, తమిళ సరిహద్దు పల్లెలవారు చెన్నై పార్కుల విషయంలో ఇదే తరహా అవస్థ పడ్డారు. వెళ్లే దారి నియమం వేరు, వచ్చే దారి నియమం వేరు, రెండూ రాత్రికి రాత్రి మారేవి. అటువంటి కాలంలో బయలుదేరే ముందు రోజు రెండు వైపుల ఉత్తర్వులూ చదవాలి. పూర్తి సొమ్ము ముందే కట్టకూడదు. రద్దు చేసుకోలేని ప్రయాణం ఆ రోజుల్లో ఎంత చౌకైనా ఖరీదైనదే. డబ్బు పోతుందన్న బాధతో జ్వరం ఉన్న పిల్లవాడిని మాత్ర వేసి వ్యానెక్కించే ఇళ్లు ఉన్నాయి గనుక ఈ మాట.

ఖర్చు లెక్కలో టికెట్టు, పెట్రోలు వేస్తారు. తిరిగి వచ్చాక వారం రోజులు మంచాన పడితే పోయే మిల్లు కూలి వేయరు. నెల జీతగాడికి అది సెలవు, రోజు కూలీకి అది బియ్యం. వచ్చిన తరువాత ఒక వారం పాటు పొరుగింటి ముసలివారిని, బాలింతలను చూడబోకుండా ఉండడం కూడా ప్రయాణంలో భాగమే. ఈ వారాన్ని ముందే సెలవుల లెక్కలో కలుపుకుంటే, ఆదివారం రాత్రి దిగి సోమవారం బడికి పరుగెత్తే పని తప్పుతుంది.

కుర్తాళంలో నీటి ఉధృతి పెరిగితే పోలీసులు స్నానం ఆపుతారు, జనం వింటారు. నీరు కంటికి కనిపిస్తుంది కాబట్టి. అయినా 2024 మే 17న పాత కుర్తాళంలో హఠాత్తుగా వచ్చిన వరద ఒక విద్యార్థి ప్రాణం తీసింది. కొండ పైన కురిసిన వాన కింద స్నానం చేసేవారికి తెలియదు. కేసుల అంకెలు కొండ మీది వాన కబురు వంటివి. ఈ రోజు అంకె తక్కువగా ఉందా అని కాక, మూడు వారాలుగా దిగుతున్నదా, ఎక్కుతున్నదా అని చూడాలి. 2021 మార్చిలో అంకె చిన్నదే గాని దాని నడక పైకి. ఆ నడకను చూసి ఆగినవారు ఏప్రిల్ రద్దీలో లేరు.

పిల్లలకు ఏం చెప్పాలన్నది తల్లులను వేధించిన ప్రశ్న. ‘వచ్చే నెల వెళ్దాం’ అని తేదీ చెప్పి మూడుసార్లు మాట తప్పితే పిల్లవాడు తేదీని కాదు, తల్లిని నమ్మడం మానేస్తాడు. దానికంటె షరతు చెప్పడం మేలు. ‘అవ్వకు రెండో సూది పడి రెండు వారాలు కావాలి, మన జిల్లాలో జ్వరాలు తగ్గుతూ ఉండాలి, అప్పుడు వెళ్దాం’ అంటే ఎనిమిదేళ్లవాడు కూడా పత్రికలో అంకె వెతుకుతాడు. ఆ వయసువాడికి గ్రాఫు చదవడం అంతకంటె హాయిగా నేర్పే అవకాశం బడిలో దొరకదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర స్థితిని ముగించింది. పార్కు గేటు వద్ద ఇక ధ్రువపత్రాలు అడగరు. అంతకు రెండు నెలల ముందే, 2023 మార్చిలో, హెచ్3ఎన్2 ఇన్‌ఫ్లుయెంజా పెరిగి పుదుచ్చేరిలో పిల్లల తరగతులకు సెలవు ప్రకటించారు. అంతటి పెద్ద మహమ్మారి రాకపోయినా ఇటువంటి వారాలు ఏటా వస్తాయి. బడి విహారయాత్రకు అనుమతి పత్రం ఇంటికి వచ్చినప్పుడు తండ్రి సంతకానికి ముందు అడగదగినవి మూడు ఉన్నాయి. బస్సు అద్దాలు తెరుచుకుంటాయా? దారిలో ఒక పిల్లకు జ్వరం వస్తే పక్కన కూర్చుని వెనక్కి తీసుకువచ్చే పెద్దవారు ఎవరు? ఆ ఉదయం పిల్ల ఒళ్లు వెచ్చగా ఉండి ఇంట్లోనే ఆపేస్తే కట్టిన సొమ్ము తిరిగి ఇస్తారా? మూడవదానికి ‘ఇస్తాం’ అన్న జవాబు పత్రం మీదే ఉంటే, ఆ ఉదయం పిల్ల నుదురు తాకి చూసే తల్లికి నిర్ణయం తేలికవుతుంది.