మెట్ల మీద దీపం

వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర మాది పాతకాలపు మేడ. ఇరుకు మెట్లు, వాటికి ఒకటే లైటు, దాని స్విచ్చేమో కింద! పైకెళ్లాక ఆర్పాలంటే మళ్లీ దిగాలి. "కరెంటు దండగెందుకే అమ్మాయీ!" అంటూ మా అత్తయ్య కిందే ఆర్పేసి చీకట్లో ఎక్కేవారు. ఓ రాత్రి మెట్టు తప్పారు. చెయ్యి విరిగి నెలన్నర కట్టు!

మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. "టూ వే స్విచ్‌లు పెడితే సరి" అన్నాడు. మామూలు స్విచ్‌కి తీగ బిగించే చోట్లు రెండయితే దీనికి మూడు. కింద ఒకటి, పైన ఒకటి పెట్టి, మధ్య రెండు తీగలు లాగుతారు. రెండు స్విచ్‌లూ ఒకే తీగ మీద కలిస్తే లైటు వెలుగుతుంది, లేకుంటే ఆరుతుంది. నడిమి అంతస్తులోనూ కావాలా? ఆ తీగల మధ్య ఇంటర్మీడియట్ స్విచ్ పెడితే చాలు. అది ఆ రెండింటినీ అటూ ఇటూ మారుస్తుంది.

ఒక్క జాగ్రత్త. స్విచ్‌కి ఫేజ్ తీగే రావాలి. న్యూట్రల్ ఇస్తే లైటు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లతోనే చేయించండి.

ఇల్లు కట్టేటప్పుడు వంటగట్టు ఎత్తు అడుగుతాం, మెట్ల స్విచ్ సంగతి అడగం. నేనూ అడగలేదు. ఇప్పుడు అత్తయ్య పైకెళ్లి, "ఆర్పేశానే!" అని కేకేస్తారు. ఆ కేక వినపడ్డాకే నాకు నిద్ర!